మా అమ్మ పెట్టిన పథ్యం

మనసుకు జబ్బు చేసిన ఇంట్లో అందరికంటే ముందు దాక్కునేది జబ్బు మనిషి కాదు, చుట్టూ ఉన్నవాళ్లు. ఈ మాట కోపంతో రాయడం లేదు. సరే, కొంచెం కోపంతోనే రాస్తున్నాను. నేను బెజవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. బఠాణీ మొక్కల్లో పొడుగూ పొట్టీ ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎలా దిగివస్తాయో బోర్డు మీద గీసి చూపించడం నా ఉద్యోగం. అలాంటి నాకు, నా ఒంట్లోకి ఏది దిగివచ్చిందో తెలుసుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో ఒకసారి ప్రాణం మీదికి వచ్చింది. ఇప్పుడు బాగున్నాను. బాగున్నప్పుడే రాసిపెట్టుకోవాలనీ, ఇలాంటి ఇంట్లో ఇంకెవరైనా చదివితే ఒక మాట దాచకుండా చెబుతారేమోననీ రాస్తున్నాను.

1974, వానాకాలం

అది జబ్బులా రాలేదు, వరంలా వచ్చింది. ఆగస్టులో ఒకరోజు లేచేసరికి లోకమంతా కడిగినట్టు కనిపించింది. మూడు గంటల నిద్ర చాలు. పాఠం చెబుతుంటే మాట వెనక మాట తోసుకుంటూ వచ్చేది. గంట కొట్టినా ఆపేదాన్ని కాదు. మొదట్లో పిల్లలు చప్పట్లు కొట్టారు. "కరుణ గారు ఈ ఏడు విజృంభించారండీ" అని ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ రూములో మెచ్చుకున్నారు. వాపు చూసి బలుపు అనుకోవడమంటే అదే.

సెప్టెంబరులో నాచు మొక్కలు చూపిస్తానని పన్నెండుమంది పిల్లల్ని వెంటబెట్టుకుని బ్యారేజీ దిగువన నీళ్లలోకి దిగాను. గేట్లు ఎత్తి ఉన్నాయి. మోకాళ్ల లోతు, తర్వాత నడుం లోతు. "మేడమ్, వద్దండీ" అని పిల్లలు ఏడుస్తుంటే నాకు నవ్వొచ్చింది. వీళ్లకు ధైర్యం నేర్పాలనుకున్నాను. చేపలు పట్టే ఒకాయన పడవ అడ్డం పెట్టి అందరినీ ఒడ్డుకు తోలాడు. "ఏంటమ్మా, రేపు ఈ పిల్లల తల్లులకి ఏం చెప్పుకుంటావ్?" అని నన్ను గద్దించాడు. ఇవాళ ఆ మాట తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఆవేళ మాత్రం ఆయనకి కూడా నాచు గురించి పాఠం చెప్పాను.

కాలేజీవాళ్లు సెలవు పెట్టించారు. మా అన్నయ్య ప్రసాదు వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్టులో గుమాస్తా. మా నాన్నగారు పోయాక ఇంటికి పెద్దదిక్కు వాడే. ముందు పాస్టరు గారితో ప్రార్థన చేయించాడు, తర్వాత ఒక ఆసుపత్రిలో చేర్పించాడు. అక్కడ నా జబ్బుకు ఒక పేరు పెట్టారు. ఆ పేరు తప్పని తర్వాత తేలింది. ఆ రోజుల్లో మాలాంటివాళ్లకు దాదాపు అందరికీ ఆ ఒక్క పేరే పెట్టేవారు. ఇచ్చిన మాత్రలకు మెడ పట్టేసింది, నాలుక మొద్దుబారింది, నడక బొమ్మ నడకైంది. "ఇది తగ్గేది కాదు, కాచుకుని ఉండాలి" అని అన్నయ్యతో చెప్పారట. వాడు నాతో ఆ మాట రెండేళ్లదాకా చెప్పలేదు.

1975, జనవరి

పామర్రు దగ్గర పల్లెలో మా అమ్మ ఉంటుంది. పేరు సారమ్మ. మిషన్ బడిలో పంతులమ్మగా చేసి రిటైరైంది. నన్ను అక్కడికి చేర్చారు. కోతలై, చేలల్లో మినుము పచ్చగా ఉంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. దువ్వెన దాకా చెయ్యి చాచడమే ఆ పూటకు పెద్ద పని. చచ్చిపోవాలని కూడా అనిపించలేదు, దానికైనా ఓపిక ఉండాలి కదా. అమ్మ రోజూ తల దువ్వి, ముద్ద కలిపి నోట్లో పెట్టి, ఒక్క ప్రశ్న వేయకుండా లేచి వెళ్లేది. మా అమ్మ అసలు ప్రశ్నలు వేసే మనిషే. ఆ మౌనం చూసి నేను భయపడాల్సింది. అప్పుడు తోచలేదు.

1975, మార్చి

మూర్తి గారని బెంగుళూరులో చదివి వచ్చిన డాక్టరున్నారని అన్నయ్య కొట్టులో ఎవరో చెప్పారు. వన్ టౌన్‌లో ఎండుమిరపకాయల గోడౌను మీద మేడలో ఆయన క్లినిక్కు. కింద బస్తాలు దించినప్పుడల్లా పైన బెంచీల మీద కూర్చున్నవాళ్లందరం తుమ్మేవాళ్లం, కళ్లు తుడుచుకునేవాళ్లం. ఎవరిది ఏడుపో ఎవరిది ఘాటో తెలిసేది కాదు. పక్కనున్న ఒకావిడ తన చేతిగుడ్డ తడిపి నాకిచ్చి, "మొదటిసారి వచ్చినట్టున్నారు, ముక్కుకి అడ్డం పెట్టుకోండి. మా ఆయనకి మూడేళ్ల బట్టీ వస్తున్నాం" అంది. ఆసుపత్రుల్లో ఎవరూ ఎవరి మొహమూ చూడరు. ఆవిడ చూసింది.

డాక్టరు గారు జబ్బు సంగతి తర్వాత అడిగారు. ముందు ఒక తెల్లకాగితం తీసి, మధ్యలో ఒక సున్న చుట్టి, నల్లగా నింపారు.

"మీరు వృక్షశాస్త్రం చెబుతారటగా. ఇదేంటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇది మీరు" అన్నారు.

ఆడవాళ్లకు సున్న, మగవాళ్లకు గడి. జబ్బున్నవాళ్లను నల్లగా నింపుతారు, పోయినవాళ్లకు అడ్డగీత గీస్తారు. బఠాణీలకు నేను గీసేది కొంచెం ఇలాంటిదే. ఈ జబ్బులు ఇళ్లల్లో ఎలా పాకుతున్నాయో చూడటానికి ఆయన చాలా కుటుంబాలకు ఇలా పటాలు గీస్తున్నారు. ఒప్పుకున్నవాళ్ల దగ్గర కాస్త రక్తం తీసి, మద్రాసులో తెలిసిన లాబొరేటరీకి పంపి, కణాల్లో తేడా ఏమైనా దొరుకుతుందేమోనని చూస్తున్నారు. నాకు నెలల తర్వాత మొదటిసారి దేనిమీదో ఆసక్తి కలిగింది. అది నా మీదే కావడం చిత్రం. ఆయన నాతో వచ్చిన అమ్మవైపు తిరిగారు.

"అమ్మా, మీవైపు గానీ వాళ్ల నాన్నగారివైపు గానీ, కొన్నాళ్లు విపరీతమైన హుషారుగా, కొన్నాళ్లు మంచం దిగకుండా ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మేనత్తలు, మేనమామలు, తాతలు, ఎవరైనా సరే."

"ఎవరూ లేరండీ" అంది అమ్మ. ప్రశ్న పూర్తికాకముందే అంది.

మా ఇళ్లల్లో పెద్ద బైబిలు మొదటి పేజీల్లో ఇంటివాళ్ల పుట్టుకలు, బాప్తిస్మాలు, చావులు రాసిపెట్టుకునే అలవాటుంది. అమ్మవైపు తాత చేతిరాతలో దానియేలు అన్న పేరు నాకు గుర్తొచ్చింది. పుట్టిన తేదీ ఉంది, బాప్తిస్మం ఉంది, పోయిన తేదీ దగ్గర ఖాళీ.

"దానియేలు మామయ్య సంగతేంటమ్మా?"

"పసితనంలోనే జొరమొచ్చి పోయాడండీ" అంది అమ్మ, నాకు కాదు, డాక్టరుకు.

ఆయన ఒక గడి గీసి, అడ్డగీత కొట్టి, తెల్లగా వదిలేశారు. తర్వాత నాతో అన్నారు: "మీ ఇంట్లో ఇంకొకరికి ఇలా ఉండుంటే నాకు ధైర్యంగా ఉండేది. మీది ఆసుపత్రివాళ్లు అనుకున్న జబ్బు కాదేమోనని నా అనుమానం. ఎక్కడం, దిగడం రెండూ ఒకే జబ్బు. దానికి కొత్తగా ఒక మందుంది, లిథియం అని. అదీ ఒకరకం ఉప్పే. మోతాదు దాటితే విషం. మీకింకా ఒక్కసారే వచ్చింది. రూఢి కాకుండా ఇవ్వలేను. చూద్దాం."

ఆ చూద్దాంలో నాకు ఏడాది పోయింది. తిరుగుబస్సులో అమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఎవరూ లేరని తను తేల్చి చెప్పినందుకు నాకప్పుడు లోలోపల హాయిగానే ఉంది. పెళ్లి కావాల్సినదాన్ని కదా, వంశంలో లేదంటే మంచిదేగా అనుకున్నాను.

1975, సెప్టెంబరు

జూలైలో కాలేజీలో మళ్లీ చేరాను. ఆగస్టు చివర్లో నిద్ర తగ్గింది. అది ఏమిటో నాకు తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే ఎంతో బాగుంది. దాచడంలో నేనూ తక్కువ తినలేదు.

ఒకరోజు పొద్దున్నే కాలేజీకని బయల్దేరి ఏలూరు బస్సెక్కి హనుమాన్ జంక్షన్‌లో దిగాను. నాలుగు దారులు కలిసేచోట లారీలు తప్పుగా పోతున్నాయనిపించింది. నడిరోడ్డు మీద నిలబడి వాటికి దారి చూపించడం మొదలుపెట్టాను. బ్రేకుల చప్పుళ్లు, తిట్లు. టీకొట్టు నడిపే ఒక పెద్దావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని, "చాల్లే తల్లీ, అలిసిపోయావు. టీ తాగి మళ్లీ చూద్దువుగాని" అని తీసుకుపోయింది. నేను లేచిపోతానని తన చెంగు కొసను నా చెంగుకు ముడేసుకుంది. ఆ ముడితోనే నాలుగు గంటలు టీ కాచి అమ్మింది. నేను చెప్పిన ప్రతి మాటకూ "ఆహా" అంది. బెజవాడ పోయే లారీ డ్రైవరుతో అన్నయ్య కొట్టుకు కబురంపింది. అన్నయ్య వచ్చి ముడి విప్పాడు. "మీ చెల్లెలు బాగా చదువుకుంది బాబూ, పదిలంగా చూసుకో" అందట. తర్వాత వెళ్లి ఆవిడకు దండం పెట్టి వచ్చాను. నన్ను ఆనవాలు పట్టలేదు.

ఆ హుషారు దిగిపోయాక చలికాలమంతా మళ్లీ గోడే.

1976, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్

"ఇంక రూఢి అయినట్టే" అన్నారు మూర్తి గారు. లిథియం మొదలుపెడుతూ అన్నయ్యనూ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు. వారానికోసారి రక్తం ఇవ్వాలి, సీసా మద్రాసు వెళ్లి రిపోర్టు రావాలి. నీళ్లు బాగా తాగాలి. "తిండి మామూలే. ఉప్పు, కారం ఎప్పటిలాగే. పథ్యం లేదు" అన్నారు. ప్రిన్సిపాల్ గారు కూడా ఆఖరి మాట చెప్పేశారు: జూలైలో కాలేజీ తెరిచేనాటికి నిలకడగా ఉంటే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు.

మార్చి నెలాఖరుకు నేను నేనయ్యాను. అది ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. పొంగుతున్న పాల మీద ఎవరో చన్నీళ్లు చిలకరించినట్టు. హుషారూ లేదు, గోడా లేదు. కాఫీ తాగితే కాఫీలా ఉంది. నేను ఏడ్చాను, అది కూడా మామూలు ఏడుపే. రిపోర్టులు కుదురుగా వస్తున్నాయని డాక్టరు గారు రక్తం నెలకొకసారి ఇస్తే చాలన్నారు. ఇల్లలకగానే పండగ కాదని మనవాళ్లు ఊరికే అనలేదు. వేసవి సెలవులకు అమ్మ దగ్గరికి వెళ్లాను.

1976, మే

"పథ్యం ఏంటి?" అని మొదటి మాటే అడిగింది అమ్మ.

"లేదమ్మా. మామూలు తిండే అన్నారు."

"పథ్యం లేని మందు మందేనటే? ఆయన కుర్రాడు, ఆయనకేం తెలుసు. మింగేది మనం."

ఆ పూట నుంచి పాత బియ్యం అన్నం, బీరకాయ కూర, మిరియాల చారు. దేనిలోనూ ఉప్పు గింజ లేదు. మజ్జిగలోనూ లేదు. ఊరగాయ జాడీ అటకెక్కింది. "ఇదేంటమ్మా" అంటే, "నలభై రోజులు. నన్నేం అడక్కు" అంది. తన కంచంలోనూ అదే చప్పిడి వడ్డించుకుంది. నేను వాదించలేదు. రెండేళ్లు నాకోసం అంత పడ్డ మనిషి, నలభై రోజులు చప్పిడి తినమంటే తినలేనా అనుకున్నాను. మొక్కల వేళ్లు ఏ లవణాన్ని ఎందుకు పీలుస్తాయో పిల్లలకు పరీక్ష పెట్టే నేను, నా గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. చదువు బోర్డు దాటి కంచం దాకా రాలేదు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కూర్చున్నచోట చెమట కారిపోయేది. పదో రోజుకు గ్లాసు ఎత్తితే నీళ్లు తొణికాయి. తర్వాత వాంతులు, విరేచనాలు. ఆ తర్వాత మాట ముద్దయింది. గుమ్మం అనుకుని గోడకు నడిచాను. అన్నయ్య ఆదివారం వచ్చి చూసి, "మళ్లీ మొదలైందా?" అని కూలబడ్డాడు. పాస్టరు గారు వచ్చి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అమ్మ ప్రార్థనలో కళ్లు మూసుకోలేదు. అందరూ బయటికి వెళ్లాక నా భుజాలు పట్టుకుని కుదిపేసింది.

"ఏం తిన్నావే? ఎక్కడ తప్పావు? ఎవరు పెట్టారు నీకు? చెప్పు, ఎవరు పెట్టారు?"

నాకు నాలుక తిరగలేదు. ఆ కళ్లల్లో ఉన్న భయం మాత్రం నాకు బాగా గుర్తుంది. మా అమ్మ నన్ను చూస్తున్నట్టు లేదు, నా వెనక ఎవరినో చూస్తున్నట్టుంది.

మర్నాడు మధ్యాహ్నానికి నాకు తెలివి తప్పడం మొదలైంది. అన్నయ్య పామర్రు వెళ్లి కారు మాట్లాడుకొచ్చాడు. ఇక్కడి నుంచి సగం వాడు చెప్పినదే. బెజవాడలో ఆసుపత్రికి మూర్తి గారు పరుగున వచ్చారు. నా చేతులు చూశారు, కళ్లు చూశారు, నాడి చూశారు. రిపోర్టు కోసం ఆగకుండా సెలైన్ పెట్టించారు.

"మాత్రలు ఎక్కువ మింగిందా?"

"లేదండీ. నేనే ఎంచి ఇచ్చాను" అంది అమ్మ.

"ఏం తింటోంది?"

"పథ్యమేనండీ. గింజ ఉప్పు కూడా తగలనివ్వలేదు." ఆ మాట గట్టిగా, తలెత్తి చెప్పిందట. ఇందులో మాత్రం నావల్ల లోపం లేదు అన్నట్టు.

డాక్టరు గారు స్టూలు లాక్కుని అమ్మకెదురుగా కూర్చున్నారు. "అమ్మా, ఆ మందూ ఉప్పూ దగ్గర చుట్టాలు. ఉప్పు అందకపోతే, దానికి బదులు ఇది దొరికిందని ఒళ్లు ఈ మందునే పట్టుకు కూర్చుంటుంది. బయటికి పోనివ్వదు. పేరుకుపోయి విషమవుతుంది. ఎండకు చెమటపట్టి ఉన్న ఉప్పూ పోయింది."

"అంటే విషం నేను పెట్టానా?"

"మీరు పెట్టలేదు. మీ అబ్బాయితో కాదు, ఆ మాట మీతో నేరుగా నేను చెప్పాల్సింది. తప్పు నాది."

ఆ మాట ఆయన అనక్కర్లేదు. అన్నందుకు ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవం. అమ్మ మాత్రం వినలేదు. వరండాలోకి పోయి నేలమీద కూర్చుంది. మూడు రోజులు, మనిషి దక్కుతుందో లేదో చెప్పలేమన్న ఆ మూడు రోజులూ, అక్కడే ఉంది. లోపలికి పిలిస్తే రాలేదు. నన్ను ముట్టుకోవడానికి భయపడింది. "ఆ మందు పేరు మళ్లీ ఈ ఇంట్లో వినపడకూడదు" అని అన్నయ్య డాక్టరు మీద అరిచాడు. ఆయన అరవనిచ్చారు.

నాలుగోరోజు నాకు మాట వచ్చింది. "అమ్మేది?" అన్నానట.

అయిదోరోజు మధ్యాహ్నం, అన్నయ్య భోజనానికి వెళ్లినప్పుడు, అమ్మ వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. నావైపు చూడకుండా, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలా చెప్పింది.

"దానియేలన్న పసితనంలో పోలేదే. ఇరవై ఏళ్లప్పుడు పోయాడు. నాకు పదమూడు. అచ్చం నీలాగే. నెలరోజులు నిద్దర లేదు, బందరు దాకా నడుచుకుంటా పోయి రోడ్డు మీద వాక్యం చెప్పేవాడు. మళ్లీ నెలల తరబడి మంచం. మా నాన్న నాటు వైద్యుణ్ణి పిలిపించాడు. నలభై రోజులు మందు, చప్పిడి పథ్యం. ముప్పయ్యో రోజునేమో అన్న నన్ను పిలిచి, 'సారా, ఈ కూడు గొంతు దిగట్లేదే, ఒక ఎండుచేప కాల్చి పెట్టవే' అన్నాడు. పెట్టాను. రెండు కాల్చి పెట్టాను. మూడో రోజుకి కాలవలో దొరికాడు."

అమ్మ ఆగకుండా చెప్పుకుపోయింది.

"పథ్యం తప్పింది, మందు వికటించింది అన్నాడు వైద్యుడు. ఎవరు పెట్టారు, ఎవరు పెట్టారు అని మా అమ్మ ఇల్లంతా తిరిగి అడిగింది. నేను చెప్పలేదు. ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు. నిన్ను కూడా పోగొట్టుకుంటానేమోనని... ఉప్పు గింజ ముట్టనివ్వలేదే నిన్ను."

నాకు రావాల్సిన కోపం వచ్చింది. నిరుడు మార్చిలో డాక్టరుతో ఈ మాట చెప్పుంటే హనుమాన్ జంక్షన్ ఉండేది కాదు, రెండో చలికాలం ఉండేది కాదు. ఆ కోపం నిజం. కానీ పదమూడేళ్ల పిల్ల పొయ్యి ముందు కూర్చుని అన్న కోసం చేప కాలుస్తున్నట్టు కళ్లముందు కనపడింది. ఆ పిల్లమీద కోపం ఎలా తెచ్చుకోను? సెలైన్ సూది లేని చేతిని అమ్మ ఒడిలో పెట్టాను. అంతే చేయగలిగాను.

1976, జూన్

మందు మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది ఇంట్లో పెద్ద రగడ. "చావు చూసొచ్చావు, చాల్దా?" అన్నాడు అన్నయ్య. "అది లేకుండా ఎలా ఉంటానో రెండుసార్లు చూశావుగా అన్నయ్యా. నాకు బతకడం ఒక్కటే చాలదు, తెలివితో బతకాలి" అన్నాను. వాడు చొక్కా తొడుక్కుని విసురుగా బయటికి పోయాడు. సాయంత్రం తిరిగొచ్చి, తగ్గించిన మోతాదు మాత్రల చీటీ డాక్టరు దగ్గర తనే రాయించుకొచ్చానని నా చేతిలో పెట్టాడు. ఆ రాత్రి అమ్మ నాకు పప్పులో ఉప్పు వేసింది. రెండు గింజలు వేసి, ఉప్పు డబ్బా మూత పెట్టబోయింది. "ఇంకాస్త వెయ్యమ్మా" అన్నాను.

ఆ నెలలోనే ఒక ఆదివారం మూర్తి గారు మా పల్లెకు వచ్చారు. రంపపుపొట్టులో ఐసు పెట్టిన డబ్బా, సీసాలు, రంగు చుక్కల మధ్య అంకెలు కనిపెట్టే ఒక పుస్తకం వెంట తెచ్చారు. కొన్ని ఇళ్లల్లో ఈ జబ్బు రంగులు గుర్తుపట్టలేని చూపుతో కలిసి దిగుతోందేమోనని అప్పట్లో కొందరు డాక్టర్లకు అనుమానమట. రమ్మని రాసింది నేనే. చర్చి విడిచాక అమ్మవైపు చుట్టాలు పదిమంది దాకా మా అరుగు మీద చేరారు. డబ్బా చూసి ఒక్కరూ ముందుకు రాలేదు. అమ్మకు పినతండ్రి కొడుకు యాకోబు మామయ్య అందరి తరఫునా లేచాడు.

"మా రక్తంతో పనేముందండీ. మా వంశంలో ఇట్టాంటివి లేవు. మా అమ్మాయికి చదువు ఎక్కువై వచ్చింది, అంతే."

"ఉంది, యాకోబూ" అంది అమ్మ.

అమ్మ నేరుగా అతని మొహంలోకే చూసింది.

"దానియేలన్నకి జొరం కాదు. నీకూ తెలుసు."

యాకోబు మామయ్య తిరిగి అరుగు మీద కూర్చున్నాడు. "తెలుసక్కా" అన్నాడు. ఒక పెద్దావిడ పైట నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. అంటే వాళ్లందరికీ తెలుసు. ఇన్నేళ్లూ ఎవరికి వారు, ఇంకొకరికి తెలియదనుకుని కాపాడుకుంటూ వచ్చారు.

డాక్టరు గారు అమ్మ పక్కన కూర్చుని పాత కాగితం పరిచారు. అడ్డగీత కొట్టి తెల్లగా వదిలేసిన గడిని వెతికి, పెన్నుతో మెల్లగా నల్లగా నింపారు. అక్కడి నుంచి అమ్మ సున్న మీదుగా నా నల్ల సున్న దాకా గీత ఉంది. నేను బోర్డు మీద వందసార్లు గీసిన గీత.

అమ్మ కళ్లజోడు సరిచేసుకుని కాగితం మీదికి వంగింది. "మరి ఎండుచేప ఎక్కడ రాస్తారు బాబూ?"

"ఏ ఎండుచేపండీ?"

అమ్మ చెప్పింది. అందరి ముందూ చెప్పింది, నాతో చెప్పినదానికంటే తక్కువ మాటల్లో.

డాక్టరు గారు కాగితాన్ని అమ్మవైపు తిప్పారు. "దానికి గుర్తు లేదమ్మా."

"ఉండాలి కదండీ. సరిగ్గా చూడండి."

"గడులున్నాయి, సున్నలున్నాయి, గీతలున్నాయి. ఈ జబ్బు గురించి నాకు తెలియనివి చాలా ఉన్నాయమ్మా. కణం పొర దగ్గర ఏం తేడా జరుగుతుందో, తల్లిదండ్రుల నుంచి ఏది దిగివస్తుందో, ఇంకా వెతుకుతూనే ఉన్నాం. కానీ ఒకటి తెలుసు. మీ అన్నగారి జబ్బు చేపతో రాలేదు, చేపతో ముదరలేదు. మీరు పొయ్యి అంటించకముందే అది ఆయన ఒంట్లో ఉంది."

అమ్మ ఆ నల్ల గడి మీద వేలు పెట్టింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. నలభై నాలుగేళ్లు మోసిన బరువు దించమని ఒక మాటతో చెబితే మనిషికి చేతులు ఎలా ఆడతాయి?

"రెండూ తిన్నాడు బాబూ" అంది అమ్మ. "ముళ్లు కూడా వదల్లేదు. వేళ్లు నాక్కుని, 'బాగుందే సారా' అన్నాడు."

ఆ మాట చెప్పి నవ్వబోయింది, నవ్వు ఏడుపైంది. ఏడుస్తూనే రైక చెయ్యి పైకి మడిచి, రక్తానికి తన చేతిని డాక్టరు ముందుకు చాపింది.